టీమ్ ఫోటోలో చివరన నిలబడ్డవాళ్ళే ఎందుకు చీకట్లో పడతారు?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ఇండోర్ కోర్టులో 16 మంది వాలీబాల్ టీమ్‌ని మూడు వరసల్లో సర్ది, కెమెరా మీదే ఫ్లాష్ పెట్టి ఫోటో తీశారు. ముందు వరస మొహాలు సున్నం కొట్టినట్టు తెల్లబోయాయి, వెనక వరస మసకబారింది, రెండు చివర్లా ఉన్నవాళ్ళు ఉన్నారో లేరో అన్నట్టున్నారు, వెనక గోడేమో నారింజ రంగుకి తిరిగింది. మళ్ళీ తీసే అవకాశం వచ్చింది. చేతిలో రెండు స్పీడ్‌లైట్లు (కెమెరా మీద తగిలించుకునే రకం చిన్న ఫ్లాష్‌లు), వాటి వెలుగుని పరిచే రెండు గొడుగులు, రెండు స్టాండ్లు ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలి, సెట్టింగులు ఎంత, మూడో ఫ్లాష్ కూడా కొనాలా అని అడిగారు.

మూడోదాని సంగతి చివర్లో చెప్తాను. ముందు మీ ఫోటోనే ఇంకోసారి చూడండి. లైటు చాల్లేదని మీరు అనుకుంటున్నారు. చాలకపోతే ముందు వరస అలా తెల్లబోదు కదా. లైటు కావలసినంత ఉంది, పంపకం కుదరలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఫ్లాష్ ఎవరి మనిషీ కాదండీ, దగ్గరున్నవాడికి పెట్టేసి దూరంగా ఉన్నవాడికి చెయ్యి దులిపేస్తుంది.

ఎంత దారుణంగా దులిపేస్తుందో లెక్క వేసి చూద్దాం. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 2 మీటర్ల దగ్గర నిలబడ్డ మనిషికి అందిన వెలుగులో నాలుగో వంతే 4 మీటర్ల దగ్గరున్న మనిషికి అందుతుంది. అంటే 2 స్టాప్‌ల తేడా (వెలుగు సగమైన ప్రతిసారీ ఒక స్టాప్ తగ్గినట్టు). మీ ఫ్లాష్ నుంచి ముందు వరస 3 మీటర్లు, వెనక వరస 5 మీటర్లు ఉందనుకుందాం. వెనకవాళ్ళకి సుమారు ఒకటిన్నర స్టాప్ తక్కువ పడుతుంది. అదే ఫ్లాష్‌ని ముందు వరసకి 6 మీటర్ల దూరానికి జరిపితే వెనక వరస 8 మీటర్ల దగ్గరుంటుంది, తేడా 0.8 స్టాప్‌కి దిగిపోతుంది. మనుషులు ఒక్క అడుగు కూడా కదల్లేదు, లైటు వెనక్కి వెళ్ళింది, అంతే.

ఇప్పుడు వరసల మధ్య ఖాళీ కూడా తగ్గించండి. ముందు కూర్చున్నవాళ్ళ వీపుకి వెనక నిలబడ్డవాళ్ళ మోకాళ్ళు దాదాపు తగిలేలా, వరసకీ వరసకీ 60 సెంటీమీటర్లు మించకుండా సర్దితే ముందు నుంచి వెనకకి మొత్తం 1.2 మీటర్లే అవుతుంది. లైటు 6 మీటర్ల దగ్గరుంటే ముందుకీ వెనక్కీ తేడా అర స్టాప్. అది కంటికి పెద్దగా కనబడదు, కనబడినా కంప్యూటర్‌లో నిమిషంలో సరిచేసుకోవచ్చు. ఒకటిన్నర స్టాప్‌ని అలా సరిచేయబోతే వెనక వరస మొహాల్లో ఇసుక చల్లినట్టు గ్రెయిన్ లేస్తుంది.

లైటు వెనక్కి జరిపితే నీడల్లో మెత్తదనం పోతుంది కదా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే, పోతుంది. ఒక మీటరు గొడుగు ఒక్క మనిషికి మీటరున్నర దూరంలో ఉంటే పెద్ద కిటికీలాంటిది, 6 మీటర్ల దూరం నుంచి చూస్తే చిన్న బల్బులాంటిది. ఒక్కరి పోర్ట్రెయిట్ తీసేటప్పుడు మనం మెత్తదనం కోసమే ప్రాణం పెడతాం. ఇక్కడ ఆ పట్టు కొంత వదులుకోవాలి. గ్రూపు ఫోటో గోడకెక్కాక చూసేవాళ్ళు నీడ అంచు మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని చూడరు. తమ పిల్లాడి మొహం కనబడుతోందా లేదా అనే చూస్తారు. మీ దగ్గర 150 సెంటీమీటర్ల గొడుగులు ఉంటే మరీ మంచిది, లేకపోతే ఉన్నవాటితోనే కానివ్వండి.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. ముందు కెమెరా చోటు ఖాయం చేసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరాకి 50 మిల్లీమీటర్ల లెన్సు పెడితే 6 మీటర్ల దూరంలో సుమారు 4.3 మీటర్ల వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. మీ 16 మంది వరసకి ఐదారుగురు చొప్పున నిలబడితే వెడల్పు 3 మీటర్లు, చుట్టూ గాలి ఆడే చోటు కూడా మిగులుతుంది. చిన్న సెన్సరు కెమెరా అయితే 35 మిల్లీమీటర్లు అదే పని చేస్తుంది. చోటు లేదని 24కో 18కో వెళ్ళకండి. వైడ్ లెన్సులో చివరివాళ్ళ మొహాలు పక్కకి సాగిపోతాయి, భుజాలు ఉబ్బుతాయి. మీ ఫోటోలో చివరన ఉన్న పొడుగు అబ్బాయి తల కాస్త కోడిగుడ్డులా కనబడటానికి కారణం అదే, పాపం అతని తప్పేమీ లేదు.

కెమెరాకి రెండు పక్కలా, ఒక్కొక్కటి ఒకటిన్నర నుంచి 2 మీటర్ల ఎడంగా, కెమెరా గీతలోనే లేదా అర మీటరు వెనగ్గా స్టాండ్లు నిలపండి. ఎత్తు 3 మీటర్లకి దగ్గరగా ఉండాలి. ఇప్పుడు అసలు కిటుకు. ఎడమ పక్క గొడుగుని ఎడమ పక్కవాళ్ళ వైపు కాకుండా కుడి చివర నిలబడ్డ మనిషి వైపు తిప్పండి. కుడి గొడుగుని ఎడమ చివర మనిషి వైపు తిప్పండి. రెండు చూపులూ మధ్యలో కత్తెరలా దాటాలి. వెనక వరస తలలకి గురిపెట్టండి, ముందు వరస బొజ్జలకి కాదు.

ఎందుకంటారా? గొడుగు నుంచి వచ్చే వెలుగు మధ్యలో గట్టిగా, అంచుల్లో పలచగా ఉంటుంది. ఎడమ చివర మనిషి ఎడమ లైటుకి దగ్గర, కాబట్టి అతనికి పలచటి అంచు చాలు. కుడి చివర మనిషి దానికి దూరం, అతనికి చిక్కటి మధ్యభాగం వెళ్ళాలి. దూరం వల్ల పోయేది గురి వల్ల తిరిగొస్తుంది. వెనక వరసకి గురిపెట్టమన్నదీ ఇందుకే. అదే ఒక్క లైటుని ఎడమ పక్కన, చివరివాడికి 2 మీటర్ల దూరంలో పెట్టి వదిలేశారనుకోండి. అవతలి చివరివాడు 6 మీటర్ల దగ్గరుంటే అతనికి తొమ్మిదో వంతు వెలుగే, అంటే 3 స్టాప్‌ల పైమాటే. ఏ సాఫ్ట్‌వేరూ అతన్ని బయటికి లాగలేదు.

పోర్ట్రెయిట్ పాఠాల్లో లైటు 45 డిగ్రీల పక్కన పెట్టమని నేర్పుతారు. ఒక్క మనిషికి అది బంగారం లాంటి మాట. భుజం భుజం రాసుకుని నిలబడ్డ గుంపు దగ్గర అది పనికిరాదు. లైటు పక్కకి పోయేకొద్దీ ఒకరి తల నీడ పక్కవాళ్ళ చెంప మీద పడుతుంది, ముక్కు నీడ అనుకుని మీరు వదిలేస్తారు, ప్రింటు పెద్దది చేశాక ఆ చెంప మీద ఎవరిదో చెవి ఆకారం కనబడుతుంది. నేను చెప్పిన చోట పెడితే కోణం 20 డిగ్రీలలోపే ఉంటుంది, ఆ గొడవ రాదు.

ఎత్తు విషయంలో బద్ధకించకండి. స్టాండు 2 మీటర్లకే ఆపేస్తే లైటు దాదాపు మొహాల ఎత్తులోనే ఉంటుంది, ముందువాళ్ళ తల నీడ సూటిగా వెనకవాళ్ళ మొహం మీదికి పోతుంది, కళ్ళజోళ్ళలో గొడుగు బొమ్మ పడుతుంది. 3 మీటర్ల నుంచి వస్తే నీడలు కిందికి దిగి వెనకవాళ్ళ ఛాతీ మీద, జెర్సీ నంబరు దగ్గర పడిపోతాయి. అంతకన్నా ఎత్తు పెట్టి, దగ్గరికి తెచ్చి, నెత్తి మీద నుంచి కొడితే కళ్ళు గుంతల్లోకి పోతాయి. 6 మీటర్ల దూరం, 3 మీటర్ల ఎత్తు దగ్గర ఈ రెండు బాధలూ తప్పుతాయి.

కోర్టు పైకప్పుకి కొట్టి బౌన్స్ చేయొచ్చు కదా అని చాలామంది అంటారు. గదిలో తెల్లటి పైకప్పు తల మీద మీటరున్నర ఎత్తులో ఉంటే చక్కగా పని చేస్తుంది. ఆటల హాలు పైకప్పు అంతకి నాలుగింతలు ఎత్తు, అక్కడ ఇనుప దూలాలూ రేకులూ తప్ప తెలుపు ఉండదు. ఫ్లాష్ వెలుగు పైకెళ్ళి తిరిగి రాదు. కాకపోతే మీ వీపు వెనక తెల్లటి గోడ దగ్గర్లో ఉంటే అది వరమే. రెండు ఫ్లాష్‌లనీ గొడుగులు తీసేసి ఆ గోడ పై భాగానికి కొట్టండి, గోడంతా ఒకే పెద్ద లైటు అవుతుంది. గోడ పచ్చగానో నీలంగానో ఉంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి, మొహాలన్నీ ఆ రంగే అయిపోతాయి.

సెట్టింగులకి వద్దాం. కెమెరా, ఫ్లాష్ రెండూ మాన్యువల్‌లోనే. షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) 1/200 సెకను, అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 800, ఫ్లాష్ సగం పవర్. ఇక్కడ మొదలుపెట్టండి. ఈ అంకెలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో చెప్తాను, అప్పుడు మీ హాలుకి తగ్గట్టు మీరే మార్చుకోగలరు. పెద్దరకం స్పీడ్‌లైటు గైడ్ నంబరు (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) 35 మిల్లీమీటర్ల జూమ్ దగ్గర, ఐఎస్ఓ 100లో సుమారు 36 ఉంటుంది. దాన్ని అపెర్చర్‌తో భాగిస్తే దూరం వస్తుంది: 36ని 8తో భాగిస్తే 4.5 మీటర్లు. గొడుగు దగ్గర దగ్గర 2 స్టాప్‌లు మింగేస్తుంది, దూరం సగమై 2.25 మీటర్లకి వస్తుంది. ఐఎస్ఓ 400 చేస్తే పోయిన 2 స్టాప్‌లు తిరిగొచ్చి మళ్ళీ 4.5. ఐఎస్ఓ 800 చేస్తే 6.4 మీటర్లు. ఇది ఒక్క ఫ్లాష్ ఫుల్ పవర్‌లో కొట్టినప్పటి మాట. రెండు ఫ్లాష్‌లు ఒకే చోట కలిస్తే ఒక్కొక్కటి సగం పవర్‌తో సరిపోవాలి. గురి అడ్డంగా తిప్పాం కాబట్టి అంతా పూర్తిగా కలవదు, కాస్త తగ్గితే పవర్ పెంచుకోండి. ఇప్పటి కెమెరాలకి ఐఎస్ఓ 800 ఒక లెక్క కాదు.

ఫుల్ పవర్‌కి వెళ్తే ఒకటి గుర్తుంచుకోవాలి. పెన్సిల్ బ్యాటరీలతో నడిచే ఫ్లాష్ తిరిగి నిండటానికి మూడు నాలుగు సెకన్లు తీసుకుంటుంది. తొందరపడి నొక్కితే ఒకటి వెలిగి ఒకటి సగమే వెలుగుతుంది. రెండు లైట్లూ సిద్ధమయ్యాయో లేదో వెనక దీపం చూసి, లేదా బీప్ విని నొక్కండి.

ఎఫ్/8 ఎందుకంటే, 50 మిల్లీమీటర్ల లెన్సుతో 6 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు 4 మీటర్ల నుంచి 14 మీటర్ల దాకా ఒప్పుకోదగ్గ స్పష్టత ఉంటుంది. మూడు వరసలూ హాయిగా అందులో ఇమిడిపోతాయి. ఫోకస్ మధ్య వరసలో ఒక మొహం మీద పెట్టి, లాక్ చేసి, మళ్ళీ ముట్టుకోకండి. వెనక బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోవాలని ఎఫ్/2.8కి వెళ్ళే ముచ్చట టీమ్ ఫోటోలో వద్దు.

నారింజ గోడ సంగతి. హాలు పైనున్న దీపాల రంగు వేరు, ఫ్లాష్ రంగు వేరు. వెలుగు రంగుని కెల్విన్‌లలో చెప్తారు. ఫ్లాష్ సుమారు 5500 కెల్విన్, పగటి వెలుగు లాంటిది. పాత సోడియం దీపాలు 2000 కెల్విన్ చుట్టుపక్కల ఉంటాయి, పచ్చి నారింజ. మీరు నిదానమైన షట్టర్‌తో తీశారు కాబట్టి ఫ్లాష్ మొహాల్ని వెలిగించింది, గోడని హాలు దీపాలు వెలిగించాయి. పైన చెప్పిన సెట్టింగులో ఆ దీపాల ప్రమేయం చాలా తగ్గిపోతుంది. 500 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) వెలుగున్న హాలు అనుకుంటే, 1/200, ఎఫ్/8, ఐఎస్ఓ 800 దగ్గర ఆ వెలుగు 3 స్టాప్‌లు కింద ఉంటుంది, అంటే ఎనిమిదో వంతు. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఫ్లాష్‌లకి వెలగమని సంకేతం పంపే ట్రిగ్గర్ ఆపేసి ఒక ఫోటో తీయండి. తెర దాదాపు నల్లగా రావాలి. అందులో మనుషులు దెయ్యాల్లా నారింజ రంగులో కనబడుతున్నారంటే హాలు దీపాలు ఇంకా వేలు పెడుతున్నాయన్నమాట. ఫోకస్ అయ్యాక సగం దీపాలు ఆపించండి. అన్నీ ఆపితే మీకు ఫోకస్ కుదరదు, వాళ్ళకి కంటిపాప పెద్దదై ఎర్రకళ్ళ బెడద కూడా పెరుగుతుంది.

షట్టర్‌ని 1/200 కన్నా వేగంగా పెట్టి ఆ నారింజని చంపేద్దామనుకుంటే ఒక హద్దుంది. చాలా కెమెరాల సింక్ స్పీడు, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేయగల షట్టర్ వేగం హద్దు, 1/200 లేదా 1/250. అది దాటితే ఫోటోలో ఒక పక్కన నల్లటి పట్టీ వస్తుంది. హై స్పీడ్ సింక్‌తో దాటవచ్చు గానీ, అందులో ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది. 6 మీటర్ల దూరం నుంచి కొట్టాల్సిన చోట అది మనం భరించలేని ఖర్చు.

ఒకసారి నాకు జరిగింది చెప్తాను. కొత్తలో నా దగ్గర రేడియో ట్రిగ్గర్లు లేవు. ఫ్లాష్‌లని ఆప్టికల్ స్లేవ్‌లో (ఇంకో ఫ్లాష్ మెరుపు చూసి వెలిగే పద్ధతిలో) పెట్టి, కెమెరా మీది చిన్న ఫ్లాష్‌తో వాటిని పేల్చేవాణ్ణి. ఒక బాస్కెట్‌బాల్ టీమ్‌కి డజను ఫోటోలు తీస్తే అయిదారింటిలో ఒక పక్కంతా చీకటి. బ్యాటరీలు మార్చాను, తీగలు ఊడదీసి మళ్ళీ పెట్టాను, స్టాండ్లు జరిపాను. ఆటగాళ్ళు విసుక్కోవడం మొదలుపెట్టారు, నాకు చెమటలు. ఏమైందా అని కెమెరా దించి తల గీక్కుంటూ నిలబడ్డాను. అప్పుడు, నేనేమీ నొక్కకుండానే, నా గొడుగులు రెండూ భగ్గుమని వెలిగాయి. వెనక్కి తిరిగి చూస్తే గ్యాలరీలో ఒక తండ్రి చిన్న కెమెరాతో కొడుకుని ఫోటో తీసుకుంటున్నాడు. ఆయన ఫ్లాష్ వెలిగినప్పుడల్లా నావి పేలి ఖాళీ అయిపోతున్నాయి, నేను నొక్కేసరికి ఒకటి సగం నిండి ఉంటోంది. ఆయన్ని బతిమాలుకుని పది నిమిషాలు ఆపాను. ఆ వారమే రేడియో ట్రిగ్గర్లు కొన్నాను. మీవి ఏ రకమో మీరు రాయలేదు. ఆప్టికల్ అయితే నా కథ గుర్తుంచుకోండి.

మాన్యువల్ ఫ్లాష్ అనడానికి ఇంకో కారణం ఉంది. టీటీఎల్‌లో, అంటే ఫ్లాష్ ఎంత వెలగాలో కెమెరాయే కొలుచుకునే పద్ధతిలో, అసలు ఫ్లాష్‌కి ముందు ఒక చిన్న మెరుపు కొలత కోసం వెలుగుతుంది. మనకి అది తెలీదు గానీ కొందరి కళ్ళకి తెలుస్తుంది, అసలు ఫ్లాష్ వెలిగేసరికి వాళ్ళ రెప్పలు దిగిపోయి ఉంటాయి. ప్రతి ఫోటోలో ఒకే మనిషి కళ్ళు మూసుకుంటున్నాడంటే అతన్ని తిట్టేముందు ఇది చూసుకోండి. మాన్యువల్‌లో ఆ ముందు మెరుపు ఉండదు.

అయినా 16 మందిలో ఎవరో ఒకరు రెప్పవేస్తూనే ఉంటారు. ఎన్ని ఫోటోలు తీస్తే ఒక్కటైనా అందరూ కళ్ళు తెరిచినది దొరుకుతుందో ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు లెక్కకట్టారు. ఆ లెక్కకి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది, నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది. 20 మంది లోపు గుంపు అయితే, వెలుగు బాగుంటే మనుషుల సంఖ్యని 3తో, బాగోకపోతే 2తో భాగించి అన్ని ఫోటోలు తీయాలన్నది వాళ్ళు తేల్చిన సులువు సూత్రం. మీకు ఆరు నుంచి ఎనిమిది. నేనైతే పన్నెండు దాకా తీస్తాను. అందరినీ కళ్ళు మూసుకోమని, మూడు అనగానే తెరవమని, తెరిచిన అర సెకనుకి నొక్కుతాను. పిల్లల టీమ్ అయితే ఆ ఆటకే నవ్వేస్తారు.

కళ్ళజోడు ఉన్నవాళ్ళని చివరికి కాకుండా మధ్యకి తేవాలా వద్దా అని తల బద్దలు కొట్టుకోకండి. అద్దం మీద పడ్డ వెలుగు ఏ కోణంలో పడిందో అదే కోణంలో బయటికి పోతుంది, అది మీ లెన్సులోకి రాకుండా చూడటమే పని. గడ్డం ఒక్క వేలెడు దించమనండి, లేదా చెవుల దగ్గర కళ్ళజోడు కాడలు కొద్దిగా పైకి ఎత్తమనండి. అద్దం నేల వైపు వంగుతుంది, గొడుగు బొమ్మ కిందికి జారిపోతుంది. లైట్లు 3 మీటర్ల ఎత్తులో ఉంటే ఇది చాలావరకు తనంతటదే తీరిపోతుంది. టోపీలు ఉంటే ముందంచు కాస్త పైకి ఎత్తించండి, లేకపోతే కళ్ళ మీద అడ్డంగా నీడ.

కప్పు గెలిచారని రాశారు. దాన్ని మధ్యలో కూర్చున్న కెప్టెన్ ఒళ్ళో పెట్టండి గానీ, నిటారుగా కాదు. మెరిసే లోహం చిన్న అద్దమే, రెండు గొడుగులూ, మీరూ, మీ వెనక కుర్చీలూ అన్నీ అందులో కనబడతాయి. కొద్దిగా ముందుకి వంచితే గొడుగులకి బదులు నేల కనబడుతుంది. జెర్సీల మీద, బూట్ల మీద వెలుగుని తిప్పికొట్టే పట్టీలు ఉన్నాయేమో కూడా చూడండి. అవి వచ్చిన దారినే వెలుగుని వెనక్కి పంపే రకం, కెమెరా మీద ఫ్లాష్ ఉంటే తెల్లటి ట్యూబులైట్లలా వెలిగిపోతాయి. ఫ్లాష్ కెమెరా మీద నుంచి దిగిపోతే ఆ బాధ దాదాపు పోతుంది. మొహాల మీద చెమట జిడ్డు కూడా ఇలాగే మెరుస్తుంది. వీలైతే ఆటకి ముందే తీయండి, కుదరకపోతే తువ్వాళ్ళు అందించండి.

గోడకి ఆనుకుని నిలబెట్టకండి. ఒక్కొక్కరికి రెండేసి నీడలు గోడ మీద పడి, 16 మంది టీమ్ 48 మందిలా కనబడుతుంది. వెనక వరసకీ గోడకీ 3 మీటర్లయినా ఉంచితే నీడలు కిందికి జారి మనుషుల వెనక దాక్కుంటాయి. గోడ కూడా లైట్ల నుంచి 10 మీటర్ల దాకా దూరం అవుతుంది కాబట్టి ముందు వరసకన్నా ఒకటిన్నర స్టాప్ చీకటిగా వస్తుంది, మనుషులు ముందుకి తోసుకొచ్చినట్టు ఉంటారు. వెనక్కి జరపడం ఎంత మేలు చేసిందో అదే లెక్క ఇక్కడ మనకి రెండోసారి పనికొస్తోంది. ఎవరి నెత్తిన బాస్కెట్ రింగు మొలవకుండా మాత్రం చూసుకోండి.

టీమ్ రాకముందే ఇదంతా అయిపోవాలి. ఆటగాళ్ళకి ఓపిక పది నిమిషాలు, అదీ కోచ్ పక్కన ఉంటేనే. వాళ్ళు నిలబడబోయే చోట నేల మీద టేపుతో ముందు వరస గీత, రెండు చివర్లు గుర్తుపెట్టండి. స్నేహితుణ్ణి ఒకణ్ణి పట్టుకుని, ఎడమ చివర, మధ్య, కుడి చివర, తర్వాత వెనక వరస గీత మీద నిలబెట్టి, చేతికి ఒక తెల్ల కాగితం ఇచ్చి ఒక్కో ఫోటో తీయండి. ఫ్లాష్ మీటరు ఉంటే నాలుగు చోట్లా కొలవండి, మూడో వంతు స్టాప్ మించి తేడా రాకూడదు. లేకపోతే కెమెరా తెర మీద వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫులో, అదే హిస్టోగ్రాంలో, కాగితం తాలూకు శిఖరం ఎక్కడుందో చూడండి. ఎడమ చివర కాగితం కుడి చివరకన్నా వెలుగ్గా ఉంటే పవర్ జోలికి పోకండి, ముందు కుడి గొడుగుని ఇంకాస్త ఎడమ చివర వైపు నుంచి వెనక్కి, అంటే మధ్యకి తిప్పి చూడండి. అప్పటికీ కుదరకపోతే పవర్ మార్చండి. ఆ తర్వాత ఎడమ లైటు ఒక్కటే, కుడి లైటు ఒక్కటే వెలిగించి ఒక్కో ఫోటో తీసి పక్కపక్కన చూడండి. ఏ లైటు ఏం చేస్తోందో కలిపి చూసినప్పుడు తెలీదు, విడగొడితే ఇట్టే తెలిసిపోతుంది.

తెల్ల జెర్సీలు అయితే ఎక్స్‌పోజర్‌ని జెర్సీ చూసి పెట్టండి. ముందు వరసలో తెల్లబట్ట మడతలు కనబడినంత వరకే వెలుగు. ముదురు రంగు మొహాలని తర్వాత కాస్త ఎత్తుకోవచ్చు, తెల్లబోయిన బట్టని ఎవరూ వెనక్కి తేలేరు.

ఏదో కారణాన ఆ రోజు ఫ్లాష్‌లు మొరాయిస్తే చేతులెత్తేయకండి. హాలుకి పెద్ద తలుపు ఉంటే తెరిపించి, టీమ్‌ని దానికి ఎదురుగా లోపల 4, 5 మీటర్ల దూరంలో నిలబెట్టి, మీరు గడపలో ఒక పక్కకి ఒదిగి తీయండి. తలుపు పెద్ద సాఫ్ట్‌బాక్స్ లాంటిది. అదీ లేకపోతే మీరు ఒక నిచ్చెన ఎక్కి అందరినీ మీవైపు తలెత్తమనండి, పైనుంచి కురిసే హాలు దీపాల వెలుగు కళ్ళ గుంతల్లోకి కూడా దిగుతుంది. 300 లక్స్ హాలులో ఎఫ్/5.6, 1/50, ఐఎస్ఓ 1600 దగ్గర పని జరుగుతుంది. కెమెరాని పట్టి ఉంచడానికి స్టాండు తప్పనిసరి. 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే దీపాలు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులు అవుతుంటాయి కాబట్టి 1/50 లేదా 1/100 పెడితే ఫోటోకో రంగు, ఫోటోకో వెలుగు రాకుండా ఉంటుంది. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60, 1/120.

ఇక మూడో ఫ్లాష్. ఇప్పుడే కొనకండి. మీ స్టాండ్లు 2 మీటర్లకి మించి లేవవని రాశారు, ముందు 3 మీటర్లు దాటే స్టాండ్లు రెండు తీసుకోండి. వాటి కాళ్ళ మీద వేయడానికి ఇసుక సంచులు కూడా. అంత ఎత్తున తెరిచిన గొడుగు తెరచాప లాంటిది, ఎవరో తలుపు తీస్తే చాలు ఊగుతుంది, పక్క కోర్టు నుంచి బంతి వచ్చి తగిలితే పిల్లల మీదే పడుతుంది. ఇవన్నీ కుదిరాక, ముదురు జెర్సీలు, నల్లటి జుట్టు, చీకటి గోడ మూడూ ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయని అనిపిస్తే అప్పుడు మూడోది కొని, వెనక వరస వెనక నేల మీద, ఎవరి కాళ్ళ మధ్య నుంచీ కనబడకుండా దాచి, గోడ వైపు తిప్పండి. పావు పవర్‌తో మొదలుపెట్టండి.